పత్తి కాటా నుంచి బంగారం కాటా దాకా: మా సి లైబ్రరీని విండోస్, మ్యాక్ మీదికి తెచ్చిన జిగ్ సీసీ మీద రివ్యూ

మీ దగ్గర చిన్న సి లైబ్రరీ ఒకటి ఉండి, అది లైనక్స్ మీద మాత్రమే నడుస్తూ, విండోస్ వాళ్ళు ఒక పక్క, మ్యాక్ వాళ్ళు ఇంకో పక్క మాకెప్పుడిస్తారని అడుగుతుంటే, ముందు జిగ్ సీసీ అనే సి కంపైలర్ (సి కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే ఫైల్‌గా మార్చే ప్రోగ్రామ్) దించుకోండి. ఉన్న ఒక్క లైనక్స్ ల్యాప్‌టాప్ మీదే విండోస్ డీఎల్‌ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైల్), మ్యాక్ లైబ్రరీ, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కు బైనరీ (నేరుగా నడిచే ఫైల్) అన్నీ తయారవుతాయి. ఐదుకు నాలుగున్నర ఇస్తా. అర మార్కు ఎందుకు తగ్గిందో కింద చెప్తాను, అది కూడా తెలిసి వాడితేనే దీని విలువ తెలుస్తుంది.

మా పని ఏంటో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మేము కర్నూలులో కాటాలకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఎలక్ట్రానిక్ కాటాకు ఇండికేటర్ అని ఒక డబ్బా ఉంటుంది కదా, ఎర్ర అంకెలు కనిపించేది, దాని వెనక ఆర్‌ఎస్-232 అనే సీరియల్ పోర్టు ఉంటుంది, ఆ పోర్టు నుంచి బరువు అక్షరాల రూపంలో వస్తూనే ఉంటుంది. ఆ బైట్లు చదివి, బరువు కుదురుకుందా లేదా చూసి, అంకెను బిల్లింగ్ ప్రోగ్రామ్ చేతికి ఇవ్వడం మా లైబ్రరీ పని. ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో లారీలు తూచే వేబ్రిడ్జి కావచ్చు, కర్నూలు ఉల్లి యార్డులో బస్తాల కాటా కావచ్చు, ప్రొద్దుటూరు బంగారం అంగట్లో మిల్లీగ్రాములు చూపించే చిన్న కాటా కావచ్చు, చదివే లైబ్రరీ ఒక్కటే. లైబ్రరీ పుట్టింది లైనక్స్ మీద. కానీ మిల్లుల్లో ఉండేది విండోస్. ఒక మిల్లు గుమాస్తా ఫోన్ చేసి "అన్నా, మా కంప్యూటర్లో ఉండేది విండోసు, మీది దాంట్లో ఎక్కదా?" అని అడిగితే ఎక్కుతుందని చెప్పాలి కదా. పైగా అక్కడ ఒక అంకె తేడా వస్తే పోయేది రైతు డబ్బు, కాబట్టి ఎట్లనో ఒకట్ల ఎక్కించేస్తే సరిపోదు, అన్ని చోట్లా ఒకే బరువు చూపించాలి.

ఇక జిగ్ సంగతి. జిగ్ అనేది ఆండ్రూ కెల్లీ మొదలుపెట్టిన ప్రోగ్రామింగ్ భాష. మనకు ఆ భాష రావాల్సిన పని లేదు, నేను ఇప్పటికీ మొత్తం సి లోనే రాస్తున్నా. ఆ ప్యాకేజీలోనే ఒక సి కంపైలర్ కూడా వస్తుంది, అదే జిగ్ సీసీ, 2020లో బయటికొచ్చింది. లోపల పని చేసేది క్లాంగ్ అనే సి కంపైలర్, దాని కింద ఉండే ఎల్‌ఎల్‌వీఎం. మరి క్లాంగ్ ఉండగా ఇదెందుకు అంటే, క్లాంగ్ ఒక్కటే ఉంటే విండోస్‌కు కోడ్ పుట్టించగలదు గానీ విండోస్ హెడర్ ఫైళ్ళు (ఫంక్షన్ల పేర్లు, వివరాలు ఉండేవి), ప్రతి సి ప్రోగ్రామ్‌కూ కావాల్సిన ప్రామాణిక సి లైబ్రరీ, లింక్ చేయడానికి (ముక్కలన్నీ ఒక ఫైల్‌గా కలపడానికి) కావాల్సిన ఫైళ్ళు మనమే ఎక్కడెక్కడి నుంచో తెచ్చి పెట్టాలి. జిగ్ వాళ్ళు లైనక్స్ సి లైబ్రరీలైన జీలిబ్‌సీ, మజిల్, విండోస్‌కు కావాల్సిన మింగ్‌డబ్ల్యూ, మ్యాక్ సిస్టమ్ లైబ్రరీ హెడర్లు అన్నీ ఒకే డౌన్‌లోడ్‌లో సర్ది ఇచ్చారు. లైనక్స్ ప్యాకేజీ సుమారు 50 ఎంబీ. విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్ దించుకోవాలంటే జీబీలకు జీబీలు, ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేసేవాళ్ళకు ఈ తేడా ఎంతో చెప్పక్కర్లేదు. ఇన్‌స్టాల్ కూడా ఏమీ లేదు, ఫోల్డర్ విప్పి పాత్‌లో పెడితే చాలు. మేక్‌ఫైల్‌లో (ఎలా కంపైల్ చేయాలో రాసి ఉండే ఫైల్) జీసీసీ (లైనక్స్‌లో మామూలుగా వాడే కంపైలర్) అని ఉన్నచోట జిగ్ సీసీ అని మార్చి, టార్గెట్ అనే ఆప్షన్‌లో ప్రాసెసర్ పేరు, ఆపరేటింగ్ సిస్టమ్ పేరు, సి లైబ్రరీ పేరు వరుసగా రాస్తే అంతే. ఒక టార్గెట్‌కు మొదటిసారి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, ఆ సిస్టమ్‌కు కావాల్సిన లైబ్రరీ ముక్కలను అప్పుడే కంపైల్ చేసి దాచుకుంటుంది కాబట్టి. రెండోసారి నుంచి మామూలే.

లైనక్స్ నుంచి లైనక్స్‌కే ఇది ఎంత పనికొస్తుందో చాలామందికి తెలియదు. ఉబుంటు 22.04లో జీలిబ్‌సీ 2.35 ఉంటుంది. దాని మీద కట్టిన లైబ్రరీని సెంట్‌ఓఎస్ 7 లాంటి పాత సర్వర్ మీద పెడితే, ఫలానా జీలిబ్‌సీ వెర్షన్ దొరకలేదని చెప్పి మొదలవకుండానే ఆగిపోయే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఉండేది 2.17. ఇంతకుముందు దీనికి అందరూ చేసేది పాత సిస్టమ్‌ను డాకర్‌లో (ఒక సిస్టమ్ లోపలే ఇంకో సిస్టమ్ వాతావరణం పెట్టుకునే సాధనం) పెట్టుకుని దాంట్లో బిల్డ్ చేయడం. జిగ్ సీసీలో టార్గెట్ పేరు చివర చుక్క పెట్టి 2.17 అని రాస్తే ఆ వెర్షన్‌కు సరిపడేట్టు లింక్ అవుతుంది. ఏ డిస్ట్రిబ్యూషన్‌తో సంబంధం లేకుండా నడవాలంటే మజిల్ టార్గెట్ పెట్టి స్టాటిక్‌గా, అంటే కావాల్సినవన్నీ ఆ ఒక్క ఫైల్‌లోనే ఉండేట్టు కట్టుకోవచ్చు, మేము కాటా పరీక్షించే చిన్న ప్రోగ్రామ్‌ను అలాగే ఇస్తున్నాం, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి ఎక్కడైనా నడపొచ్చు.

విండోస్ దగ్గరికి వచ్చాకే అసలు కథ. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కంపైల్ కావడం వేరు, సరిగ్గా నడవడం వేరు. జిగ్ సీసీ మొదటి దాన్ని చేతికిస్తుంది, రెండోది మనమే చూసుకోవాలి. అయితే రెండో పనికి కూడా ఇది ఎంత సాయం చేస్తుందో వాడితే గానీ తెలియదు.

ఉదాహరణకు సి లో పూర్ణ సంఖ్యలు పెట్టుకునే లాంగ్ అనే టైపు. 64 బిట్ లైనక్స్‌లో, మ్యాక్‌లో అది 8 బైట్లు. 64 బిట్ విండోస్‌లో 4 బైట్లే. మా లైబ్రరీలో బంగారం కాటాల కోసం బరువును మిల్లీగ్రాముల్లో లాంగ్‌లో పెట్టేవాళ్ళం, లైనక్స్‌లో దానికి ఏ ఇబ్బందీ లేదు. 4 బైట్ల లాంగ్‌లో పట్టే పెద్ద అంకె 2,147,483,647. మిల్లీగ్రాముల్లో అంటే 2,147 కిలోలు, ఇరవై ఒక్క క్వింటాళ్ళు దాటి కొంచెం. ప్రొద్దుటూరు బంగారానికి ఇది ఎక్కడికైనా సరిపోతుంది, ఆదోని పత్తి లారీకి సరిపోదు, లారీ ఎక్కగానే అంకె తిరగబడుతుంది. దీన్ని మిల్లులో కనుక్కుంటే ఎంత టెన్షనో ఆలోచించండి. మాకు ఇది ల్యాప్‌టాప్ మీదే బయటపడింది, ఎందుకంటే విండోస్ టార్గెట్‌తో కంపైల్ చేసేటప్పుడు క్లాంగ్ వార్నింగులన్నీ ఆ టార్గెట్ లెక్కల ప్రకారమే వస్తాయి, 64 బిట్ అంకెను 32లోకి కుదిస్తున్నావని ఆ లైన్ చూపించింది. సి99 నుంచి వస్తున్న 64 బిట్ నికర టైపులోకి మార్చాం, ప్రింట్ చేసే చోట ఫార్మాట్‌లు కూడా దానికి తగ్గట్టు మార్చాం. వార్నింగులు అన్నీ ఆన్ చేసి, మీరు ఎప్పటికీ పంపని టార్గెట్‌లకు కూడా ఒకసారి కంపైల్ చేసి చూడండి, ఖర్చేమీ లేదు.

క్యారెక్టర్ టైపుది ఇంకో రకం తిక్క. ఎక్స్86 (మామూలు పీసీ ప్రాసెసర్) మీద అది సైన్ ఉన్నది, అంటే మైనస్ విలువలూ పట్టేది, ఏఆర్‌ఎం (రాస్ప్‌బెర్రీ పై లాంటి వాటిలో ఉండే ప్రాసెసర్) లైనక్స్ మీద సైన్ లేనిది, మళ్ళీ అదే ఏఆర్‌ఎం మీద నడిచే యాపిల్ మ్యాక్‌లో సైన్ ఉన్నది. స్టేటస్ బైట్‌లో పై బిట్ పెట్టి పంపే ఇండికేటర్ తగిలితే, బైట్ సున్నా కంటే తక్కువా అని చూసే కోడ్ ల్యాప్‌టాప్‌లో ఒకలా, రాస్ప్‌బెర్రీ పై మీద ఇంకోలా నడుస్తుంది. పోర్టు నుంచి వచ్చే ప్రతిదాన్నీ అన్‌సైన్డ్‌గా తీసుకోవడమే దీనికి మందు.

సీరియల్ పోర్టు తెరిచే భాగం ఎలాగూ రెండు సార్లు రాయాలి, దాంట్లో ఏ కంపైలరూ సాయం చేయలేదు. లైనక్స్, మ్యాక్‌లలో సీరియల్ పోర్టుకు టెర్మియోస్ అనే ఫంక్షన్ల గుంపు, విండోస్‌లో పూర్తిగా వేరే పద్ధతి, డీసీబీ అనే నిర్మాణం నింపి ఇవ్వాలి. టైమ్‌అవుట్ టెర్మియోస్‌లో సెకనులో పదో వంతు లెక్కన, విండోస్‌లో మిల్లీసెకన్ల లెక్కన. విండోస్‌లో పోర్టు నంబర్ కామ్9 దాకా పేరు మామూలుగా ఇస్తే తెరుచుకుంటుంది, కామ్10 నుంచి ముందు రెండు వెనక గీతలు (బ్యాక్‌స్లాష్‌లు), చుక్క, మళ్ళీ ఒక వెనక గీత పెట్టాలి. యూఎస్‌బీ కేబుల్ ఒక్కో సాకెట్‌లో మార్చి మార్చి పెట్టే మిల్లుల్లో నంబర్ పది దాటడం మామూలే, కాబట్టి అన్ని పోర్టులకూ ఆ ముందు గుర్తు పెట్టేయండి, చిన్న నంబర్లకు కూడా పనిచేస్తుంది. మ్యాక్‌లో ఒకే కేబుల్‌కు రెండు పేర్లు కనిపిస్తాయి, టీటీవై అని మొదలయ్యేది ఒకటి, సీయూ అని మొదలయ్యేది ఒకటి. సీయూదే వాడాలి, టీటీవైది క్యారియర్ సిగ్నల్ (అవతలి పరికరం కలిసిందని చెప్పేది) కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, కాటాలు ఆ సిగ్నల్ ఇచ్చేది తక్కువ. మ్యాక్‌లో ఇంకోటి, డేటా వచ్చిందా అని ఎదురుచూసే పోల్ అనే కాల్ డివైస్‌లకు పనికిరాదని వాళ్ళ మాన్యువల్‌లోనే రాసి ఉంది, సెలెక్ట్ వాడుకోవాలి.

ఇదంతా లైబ్రరీ నిండా ఇఫ్‌డెఫ్‌లు (ఫలానా సిస్టమ్ అయితే ఈ కోడ్ అని చెప్పే షరతు లైన్లు) చల్లి చేయొద్దని నా గట్టి అభిప్రాయం. పోర్టు తెరవడం, చదవడం, మూయడం, టైమ్ చెప్పడం, ఈ నాలుగు ఫంక్షన్లకు ఒక హెడర్ పెట్టుకుని, పోజిక్స్‌కు (లైనక్స్, మ్యాక్ లాంటి సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం) ఒక ఫైల్, విండోస్‌కు ఒక ఫైల్ రాసుకుంటే మిగతా కోడ్‌కు తను ఏ సిస్టమ్ మీద ఉందో తెలియాల్సిన అవసరమే ఉండదు. బరువు లెక్కలు చూసే ఫైల్ తెరిస్తే దాంట్లో విండోస్ అనే మాట కనిపించకూడదు.

ఫైల్ పేర్ల విషయం తెలుగువాళ్ళం మనం ప్రత్యేకంగా చూసుకోవాలి. ఒక చోట రసీదుల ఫోల్డర్‌కు తెలుగులోనే పేరు పెట్టుకున్నారు, పెట్టుకోవాలి కూడా. లైనక్స్, మ్యాక్‌లలో యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) బైట్లు అలాగే ఇస్తే ఫైల్ తెరుచుకుంటుంది. విండోస్‌లో ఫైల్ తెరిచే మామూలు ఎఫ్‌ఓపెన్ ఫంక్షన్ సిస్టమ్ కోడ్ పేజీ (ఏ బైట్ ఏ అక్షరమో చెప్పే పట్టిక) ప్రకారం చదువుతుంది, తెలుగుకు విండోస్‌లో అలాంటి పాత కోడ్ పేజీ అసలు లేనే లేదు, తెలుగు అక్కడ యూనికోడ్‌లో మాత్రమే ఉంది. కాబట్టి పేరును యూటీఎఫ్-16లోకి మార్చి, విండోస్‌కు ప్రత్యేకంగా ఉన్న వైడ్ ఓపెన్ ఫంక్షన్‌తో తెరవాలి. విండోస్ 10 1903 వెర్షన్ నుంచి మానిఫెస్ట్‌లో (ప్రోగ్రామ్‌తో వచ్చే వివరాల ఫైల్) యూటీఎఫ్-8 అని చెప్పుకునే వీలుంది గానీ అది ప్రోగ్రామ్ రాసేవాళ్ళ చేతిలో ఉంటుంది, లైబ్రరీ ఇచ్చే మనం దాని మీద ఆధారపడలేం. తెరిచేటప్పుడు బైనరీ మోడ్ అని చెప్పడం కూడా మర్చిపోవద్దు. టెక్స్ట్ మోడ్‌లో విండోస్ లైన్ చివర ఒక బైట్ తనే కలుపుతుంది, చదివేటప్పుడు 26 అనే బైట్ కనిపిస్తే ఫైల్ అయిపోయిందనుకుంటుంది. కాటా నుంచి వచ్చిన ముడి బైట్లు లాగ్ చేసేవాళ్ళకు ఇది చాలా ముఖ్యం.

నాకు జిగ్ సీసీలో బాగా నచ్చినది ఇప్పుడు చెప్తా. ఆప్టిమైజేషన్ ఏదీ అడగకుండా కంపైల్ చేస్తే యూబీశాన్ అనే కాపలా దానంతట అదే ఆన్‌లో ఉంటుంది. సి ప్రమాణం ప్రకారం ఇలా చేస్తే ఏమవుతుందో చెప్పలేం అనే పనులు కొన్ని ఉంటాయి కదా, అవి నడుస్తుండగా జరిగితే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. బైట్‌ను 24 స్థానాలు ఎడమకు జరిపే లైన్ ఒకటి చెక్‌సమ్ (బైట్లు చెడకుండా వచ్చాయా అని సరిచూసే లెక్క) కోడ్‌లలో తరచుగా కనిపిస్తుంది. ఆ బైట్ విలువ 127 దాటితే అది సైన్ బిట్ మీదికి పోతుంది, జీసీసీ మామూలుగా ఏమీ అనదు, దీంతో ఆగుతుంది. కొత్తగా వాడేవాళ్ళు ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని చూసి కంపైలరే పాడైందని వదిలేస్తుంటారు, అలా వదలొద్దు, ఆ లైన్ వెతికి సరిచేయండి. 2025లో వచ్చిన 0.14 నుంచి ఏ తప్పు జరిగిందో సందేశం కూడా చూపిస్తున్నారు. అన్ని సిస్టమ్‌ల మీదా ఒకేలా నడవాలంటే ఇలాంటి లైన్లు ఒక్కటి కూడా ఉండకూడదు, వేరే కంపైలర్ దాన్నే వేరేలా అర్థం చేసుకునే హక్కు ఉంది కాబట్టి.

ఇక అర మార్కు. మ్యాక్‌కు కంపైల్ చేస్తే మామూలు సి ఫంక్షన్ల వరకు యాపిల్ ఎస్‌డీకే (ప్రోగ్రామ్‌లు రాసేవాళ్ళకు యాపిల్ ఇచ్చే ఫైళ్ళ కట్ట) లేకుండానే అయిపోతుంది, ఏఆర్‌ఎం మ్యాక్‌లకు తప్పనిసరిగా ఉండాల్సిన కోడ్ సంతకం కూడా లింకరే వేసేస్తుంది, అది చాలా గొప్ప విషయం. కానీ ఐఓకిట్ (పరికరాలతో మాట్లాడేది) లాంటి యాపిల్ ఫ్రేమ్‌వర్క్‌లు ఇందులో రావు. మ్యాక్‌లో పోర్టుల జాబితా పద్ధతిగా తీయాలంటే ఐఓకిట్టే కావాలి. మేము డెవ్ ఫోల్డర్‌లో సీయూతో మొదలయ్యే పేర్లు ఏరి చూపిస్తున్నాం, కాటాకు అది చాలు, మీకు చాలకపోతే మ్యాక్ ఎస్‌డీకే తెచ్చుకోవాల్సిందే. విండోస్‌లో మామూలుగా మింగ్‌డబ్ల్యూ పద్ధతిలో కడుతుంది, మైక్రోసాఫ్ట్ సొంత కంపైలర్ అయిన ఎంఎస్‌వీసీ పద్ధతిలో కావాలంటే మైక్రోసాఫ్ట్ ఎస్‌డీకే మనమే ఇవ్వాలి. సి డీఎల్‌ఎల్‌కు ఇది అడ్డం కాదు, 64 బిట్ విండోస్‌లో కాలింగ్ పద్ధతి (ఫంక్షన్‌ను పిలిచే తీరు) రెండింటికీ ఒకటే. ఒక్క జాగ్రత్త, మన డీఎల్‌ఎల్‌లో మాలోక్ ఫంక్షన్‌తో తీసుకున్న మెమరీని అవతలి ప్రోగ్రామ్ దాని ఫ్రీతో వదలకూడదు, రెండిటి సి రన్‌టైమ్‌లు వేరు కావచ్చు, కాబట్టి వదిలే ఫంక్షన్ కూడా మన లైబ్రరీయే ఇవ్వాలి. వీబీ6లో (పాత విజువల్ బేసిక్) రాసిన పాత బిల్లింగ్ ఉన్నచోట 32 బిట్ డీఎల్‌ఎల్, స్టడ్‌కాల్ అనే కాలింగ్ పద్ధతి కావాలి, టార్గెట్ మార్చి ఫంక్షన్ల ముందు ఒక మాట కలిపితే అదీ అవుతుంది. విండోస్ 7 మిషన్లు ఇంకా ఉన్నాయి మన వైపు, వాటి మీద యూసీఆర్‌టీ అనే రన్‌టైమ్ అప్‌డేట్ వేసి ఉండాలి, విండోస్ 10లో అది ముందే ఉంటుంది.

జిగ్‌కు ఇంకా 1.0 రాలేదు, వెర్షన్ మారితే చిన్న చిన్న పద్ధతులు మారుతుంటాయి. అందుకని మేము వాడే వెర్షన్ ప్యాకేజీని ఆఫీసులోనే కాపీ పెట్టుకున్నాం, బిల్డ్ అంతా దాంతోనే. విండోస్ మీదే జీసీసీ లాంటి సాధనాలు ఇచ్చే ఎంఎస్‌వైఎస్2 కూడా మంచిదే గానీ దానికి విండోస్ మిషన్ కావాలి. కాస్మోపాలిటన్ అని ఒకటుంది, ఒకే ఫైల్ అన్ని సిస్టమ్‌ల మీదా నడుస్తుంది, అది పూర్తి ప్రోగ్రామ్‌లకు బాగుంటుంది, వేరేవాళ్ళ బిల్లింగ్‌లోకి ఎక్కాల్సిన మా లాంటి లైబ్రరీకి కుదరదు.

పరీక్ష ఎలా చేస్తామో చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. సోక్యాట్ అనే లైనక్స్ సాధనంతో ఉత్తుత్తి సీరియల్ పోర్టుల జత ఒకటి పెట్టి, లాగ్ చేసుకున్న కాటా బైట్లు ఒక చివర నుంచి పంపి, రెండో చివర లైబ్రరీతో చదివిస్తాం. విండోస్ బైనరీని లైనక్స్ మీదే వైన్‌లో (విండోస్ ప్రోగ్రామ్‌లను లైనక్స్‌లో నడిపేది) నడిపి, అందులో ఒక కామ్ పోర్టు పేరును ఆ ఉత్తుత్తి పోర్టుకు కలిపితే అదే పరీక్ష విండోస్ కోడ్‌కూ జరుగుతుంది. ఏఆర్‌ఎం వాటికి క్యూఎమ్యూ, అది వేరే ప్రాసెసర్‌ను అనుకరించి నడిపే ప్రోగ్రామ్. మ్యాక్ మా దగ్గర లేదు, లైబ్రరీ కోడ్ బహిరంగంగా పెట్టాం కాబట్టి గిట్‌హబ్ యాక్షన్స్‌లో (ఆన్‌లైన్‌లో కోడ్‌ను బిల్డ్ చేసి పరీక్షించే సేవ) మ్యాక్ మిషన్ ఉచితంగా దొరుకుతోంది, అక్కడ నడిపిస్తున్నాం. ఆఖరున నిజం ఇండికేటర్, నిజం కేబుల్, 50 కిలోల తూకం రాయి పెట్టి చూడకుండా ఏ మిల్లుకూ ఇవ్వం, వైన్‌లో వచ్చిన అంకెను నమ్మి రైతు బస్తా తూచలేం కదా.

జిగ్ 0.15 నుంచి ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కు కూడా లైనక్స్ మీద నుంచే కట్టే వీలు వచ్చింది, ఇప్పుడు ఆ పని మీద ఉన్నాం. అక్కడ యూఎస్‌బీ సీరియల్ పోర్టు పేరు సీయూఏయూ0 అని వస్తుంది, పోజిక్స్ ఫైల్‌లో జాబితా తీసే ఫంక్షన్ తప్ప వేరేది ముట్టుకోవాల్సిన అవసరం ఇప్పటిదాకా రాలేదు. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఎవరి దగ్గరైనా పాత మోడల్ ఇండికేటర్ ఉండి, ఏ ప్రోగ్రామ్‌కూ లొంగట్లేదంటే, దాని నుంచి వచ్చే ముడి బైట్లు ఒక నిమిషం పాటు లాగ్ చేసి, బాడ్ రేటు (పోర్టు వేగం) ఎంతో, అప్పుడు డబ్బా మీద కనిపించిన బరువెంతో రాసి కింద కామెంట్‌లో పెట్టండి, పరీక్షల్లో దాన్నీ చేరుస్తాం.